దేవి కూర్చున్న ఆదివారం

దేవికి కావలసింది ఒకటే. ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, తను వండని అన్నం, పొగలు కక్కుతుండగా, ఎవరో తెచ్చి తన ముందు పెట్టాలి. తను కూర్చుని తినాలి. చెయ్యి కడుక్కునేదాకా "అమ్మా" అని గానీ, "ఏమేవ్" అని గానీ, "టీచర్" అని గానీ ఒక్కరూ పిలవకూడదు. అంతే. కాశీ తీసుకెళ్లమనలేదు, కాసులపేరు చేయించమనలేదు.

ఇంత చిన్న కోరిక తీరడానికి మూడు నెలలు పట్టిందంటే మీరు నమ్ముతారా? జనవరిలో హిమజ వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. కొబ్బరిచెట్ల మధ్య కమ్మల పాక, పాకలో పొడుగాటి బల్ల, బల్ల మీద అరిటాకులు. పూండి దాటాక సముద్రం వైపు వెళ్లే దారిలో కొత్తగా పెట్టారట. ఫామ్ టు టేబుల్, సండే బ్రంచ్ అని కింద రాసి ఉంది. హిమజ, సీత, దేవి టీచర్ ట్రైనింగ్‌లో ఒకే గదిలో ఉన్నవాళ్లు. హిమజ ఆ తర్వాత ఇంకో పరీక్ష రాసి టెక్కలిలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటయింది. సీత పలాసలో ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతుంది, వాళ్లాయన నీలకంఠంగారు ఒక గుళ్లో అర్చకులు. దేవి పూండి పక్కన ఒక ఊళ్లో చిన్నబడి టీచరు, ఇల్లు కాశీబుగ్గలో.

"బ్రంచ్ అంటే ఏటే?" అని సీత అడిగింది.

"టిఫిన్ టైం దాటిపోయాక, భోజనం టైం అవకముందు తినేది," అని హిమజ రాసింది.

ఆదివారం ఆదివారం నేను తినేది అదే కదా, అందరూ లేచిపోయాక పదకొండింటికి అడుగున మిగిలిన ఉప్మా, అని దేవి రాయబోయింది. ఇంతలో కూతురు గీతిక యూనిఫాం నానబెట్టలేదని గుర్తొచ్చి ఫోన్ పక్కన పెట్టేసింది.

ఫిబ్రవరిలో సీత వాళ్ల గుళ్లో కల్యాణం. మార్చిలో దేవి కొడుకు తరుణ్‌కి ఇంటర్ పరీక్షలు. ఏప్రిల్ వచ్చేసరికి ఒంటిపూట బడులు. ఒంటిపూట అంటే టీచర్లకి హాయి అనుకుంటారు జనం. హాయి కాదు, బుగ్గీ కాదు. పిల్లల హాజరుకి ఫొటో, గుడ్లకి ఫొటో, మరుగుదొడ్డికి ఫొటో. నెట్ అందకపోతే ఫోన్ పట్టుకుని జీడితోటలోకి వెళ్లి, చెయ్యి పైకెత్తి నిలబడటం. ఇంటికొచ్చాక మళ్లీ పొయ్యి. దేవికి ఈ మధ్య నిద్రలో కూడా కాళ్లు లాగుతున్నాయి. పొద్దున్న లేచినప్పుడే రాత్రి పడుకోబోయే టైము లెక్కపెట్టుకునే స్థితికి వచ్చేసింది పాపం.

చివరికి ముగ్గురికీ కుదిరిన ఆ ఆదివారం దేవి నాలుగింటికే లేచింది. బయటికెళ్లి తినాలంటే ముందు ఇంట్లో వండిపెట్టాలి కదా మరి! కోడికూర, హాట్‌బాక్సులో అన్నం, అత్తగారికి కారం లేని పప్పు, సాయంత్రానికి ఇడ్లీ పిండి. అన్నీ అయ్యేసరికి తొమ్మిదైంది. ఒక్క మెతుకు నోట్లో వేసుకోలేదు, ఆకలి దాచుకుంది. "సరదాగా వెళ్లిరా, ఇల్లు నేను చూసుకుంటాను కదా," అన్నాడు భర్త రామూర్తి మంచం మీంచి లేవకుండానే. రామూర్తి చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే దెబ్బలాడ్డానికైనా వీలుండేది.

కాశీబుగ్గలో హిమజ కారు ఆగితే దేవి ఎక్కింది, సీత అప్పటికే అందులో ఉంది. ఎక్కగానే వాళ్లిద్దరికీ తన కోరిక చెప్పేసింది. "ఇవాళ నన్నెవరూ ఏ పనీ చెప్పకండే. నేను కూర్చుంటాను, నాకు పెడతారు, నేను తింటాను."

"సరేనమ్మా మహారాణీ," అని సీత నవ్వింది. పూండి రైలుగేటు దగ్గర బండి కోసం ఆగితే దేవి అలాగే నిద్రపోయింది. లేచేసరికి తోటలో ఉన్నారు.

తోట బాగుంది, కాదనలేం. పైన కొబ్బరి, కింద జీడిమామిడి, మధ్యలో వంగ, బెండ మడులు. సముద్రం కనిపించదు గానీ గాలిలో తెలుస్తోంది. తోట యజమాని ఉదయశంకర్ ఎదురొచ్చాడు. విశాఖపట్నంలో పెద్ద హోటళ్లలో పనిచేసి వచ్చి, తాతల తోటలో ఇది పెట్టాడట. నవ్వుతూ నమస్కారం పెట్టి, ముగ్గురి చేతుల్లో మూడు వెదురుబుట్టలు పెట్టాడు.

"ఇదేంటి బాబూ?" అంది దేవి.

"మీ కూర మీరే కోసుకోవాలి మేడమ్. వంకాయలు కోసుకోండి, మునగాకు దూసుకోండి. అటు రోలుంది, కొబ్బరి పచ్చడి మీరే రుబ్బుకోవచ్చు. అదే ఇక్కడి స్పెషల్. ఎక్స్‌పీరియన్స్."

"నాకు ఇరవై రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది బాబూ," అని దేవి బుట్ట తిరిగి అతని చేతిలో పెట్టేసింది. "నేను కూర్చుంటాను."

పాకలో బల్ల దగ్గర కూర్చుంది. హిమజ, సీత మాత్రం చిన్నపిల్లల్లా మడుల్లోకి పరిగెత్తారు. వంకాయతో ఒక ఫొటో, వంకాయ లేకుండా ఒక ఫొటో. దేవి బల్ల మీద చేతులు పరుచుకుని చూస్తూ ఉంది. ఎవరో పని చేస్తుంటే తను చూడటం ఎంత బాగుందో అనుకుంటుండగా ఫోన్ మోగింది.

"హాట్‌బాక్సు మూత రావట్లేదే," అన్నాడు రామూర్తి.

"ఎడమ వైపు తిప్పండి."

పది నిమిషాలయ్యాక తరుణ్. "అమ్మా, నా బ్లూ టీషర్ట్ ఎక్కడుంది?" దండెం మీద ఉంది నాన్నా. ఇంకో పది నిమిషాలకి అత్తగారు. బీపీ మాత్ర తెల్లదా, గులాబీరంగుదా? తెల్లది అత్తయ్యా, గులాబీది రాత్రికి. దేవికి ఫోన్ తీసి వంకాయల మడిలోకి విసిరేద్దామనిపించింది. విసరలేదు. అత్తగారు రెండూ వేసేసుకుంటే?

పదకొండున్నరైంది. తిండి జాడ లేదు. ఈలోగా విశాఖపట్నం నుంచి రెండు కార్ల జనం దిగి అవతలి పాకంతా ఆక్రమించారు. పాక వెనక వంటశాలలోంచి పొగ మాత్రం వస్తోంది. ఆ పొగలో ఆవ పెట్టిన పనసపొట్టు వాసన, పచ్చి జీడిపప్పు వేగుతున్న వాసన. దేవికి కడుపులో పేగులు అరిచాయి. ఉదయశంకర్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"సారీ మేడమ్. వంటలో ఇద్దరుంటారు. జగదాంబ ఇవాళ రాలేదు, చుట్టాలింట్లో పెళ్లట. మహాలక్ష్మమ్మ ఒక్కర్తే చేస్తోంది. కొంచెం లేటవుద్ది."

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, సీత కొంగు బొడ్లో దోపేసింది.

మా వైపు ఆడవాళ్లకి ఇదొక జబ్బు. పెళ్లికెళ్లనీ, చావుకెళ్లనీ, గృహప్రవేశానికెళ్లనీ, ఎవరో ఒక ఆడమనిషి ఒంటరిగా వంట చేసుకుంటోందని చెవిన పడితే చాలు, చెప్పులు విప్పి లోపలికి దూరాల్సిందే. కత్తిపీట ముందు కూర్చోవాల్సిందే. అలా దూరని ఆడదాని గురించి వెనక ఏమంటారో అందరికీ తెలుసు. ఇది డబ్బిచ్చి తినే చోటు కదా, మనం చుట్టాలం కాదు కదా అన్న ఆలోచన ఎవరికీ రాదు. వచ్చినా కాళ్లు ఆగవు.

"పాపం, ఒక్కర్తీ ఏటి చేసుకుంటుందే? పద, ఓ చెయ్యేద్దాం," అంది హిమజ. ఆమె కూడా లేచింది. దేవి లేవలేదు.

"రావేటే?"

"నేను రాను."

"ఏటీ?"

"నేను రానే హిమజా. నేను తినడానికొచ్చాను."

"మేం తినడానికి రాలేదా? పది నిమిషాల పని. పెద్దావిడ అక్కడ పొయ్యి దగ్గర మాడిపోతంటే నువ్విక్కడ కూకుంటావా? అలా కూకుని తింటే నీకు సయిస్తుందా?"

"సయిస్తుంది," అంది దేవి. "నాలుగింటికి లేచానే. నా కాళ్లు నావి కావు. ఈ ఒక్కపూట నన్నొదిలెయ్యి."

"మేం లేవలేదేటి నాలుగింటికి? నీ ఒక్కదానికేనా ఇల్లూ పిల్లలూ? నీకింత స్వార్థం ఎప్పుడొచ్చిందే!" అనేసి హిమజ విసురుగా వెళ్లిపోయింది. సీత మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసి, తనూ హిమజ వెనకే వెళ్లింది.

దేవి ఒక్కతే మిగిలింది. స్వార్థం. ఇరవై రెండేళ్లుగా ఆ మాట ఎవరైనా అంటారేమోనన్న భయంతోనే కదా అందరికంటే ముందు లేచింది, అందరి తర్వాత తిన్నది! అత్తగారనలేదు, ఆడపడుచనలేదు. ట్రైనింగ్‌లో ఒకే కంచంలో తిన్న హిమజ అంది. దేవికి కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా సిగ్గు వచ్చింది. అవతలి పాకలో వాళ్లంతా తననే చూస్తున్నారనిపించింది. ఎవరూ చూడటం లేదు, వాళ్ల వంకాయలు వాళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు.

అయిదు నిమిషాలు బల్ల అంచు పట్టుకుని బిగబట్టుకు కూర్చుంది. తర్వాత లేచింది. ఓడిపోయింది. ఏం చేస్తుంది మరి? ఇవాళ కూర్చుని తిన్నా ఆ ముద్ద దిగదని తెలిసిపోయింది. కొంగు బొడ్లో దోపుకుని, ముక్కు చీదుకుని వంటశాలలోకి నడిచింది.

లోపల మూడు పొయ్యిలు మండుతున్నాయి. వంటమనిషి లేదు, నీళ్లకి వెళ్లినట్టుంది. సీత పనసపొట్టు మూకుడులో నీళ్లు చిలకరిస్తూ గరిటె తిప్పుతోంది. హిమజ మామిడికాయ పప్పు రుచి చూసి, పెదవి విరిచి, గుప్పెడు ఉప్పు తీసి వేసేసింది. దేవి మూలనున్న కత్తిపీట లాక్కుని, వంకాయల బుట్ట ముందేసుకుని కూర్చుంది. మొదటి వంకాయ కోసింది. పురుగుంది. రెండోది కోసింది.

"ఓలమ్మో! ఏటిదంతా!"

గుమ్మంలో నీళ్ల బిందెతో ఒకామె నిలబడి ఉంది. అరవయ్యేళ్లుంటాయి. బక్కపలచటి మనిషి, ముక్కుకి రెండువైపులా బేసరులు, నుదుటి మీద పొగమసి. మహాలక్ష్మమ్మ. బిందె దించింది, నడుం మీద చేతులు వేసుకుంది.

"ఎవులు రమ్మన్నారమ్మా మిమ్మల్ని? ఆ గరిటె దించు. దించమంతన్నాను కదా! పనసపొట్టు ఏగినాక ఎవులైనా నీల్లోత్తారేటి? నువ్వేటి, పప్పులో ఉప్పేసీసినావా? నానేసినాను కదా ఉప్పు!"

"పాపం ఒక్కదానివే అని..." సీత నీళ్లు నమిలింది. "సాయం చేద్దామని, అప్పా," అని అక్క వరస కలిపింది.

"సాయమా! నానడిగినానా? జగదాంబ రాకపోతే ఆలీసమవుద్ది. ఆలీసమైతే ఏటి, కొంపలంటుకుంతాయా?" అని మహాలక్ష్మమ్మ సీత చేతిలో గరిటె లాక్కుంది. పప్పు నాలిక మీద వేసుకుని చూసి నెత్తి కొట్టుకుంది. "సెడగొట్టీసినారు. మల్లీ పప్పు ఉడకెట్టి కలపాల."

హిమజ మొహం ఎర్రబడింది. "మంచికొస్తే ఇదేటి, ఇలా అరుస్తావు?" అంది.

మహాలక్ష్మమ్మ ఆమె వైపు తిరిగింది. అరవలేదు ఈసారి. "ఇదిగో తల్లీ, ఇను. ముప్పై ఏల్లు ఇంటికాడ ఒండినాను నాను. మగోలు తోటలోకి ఎలిపోయేవోరు, కేరేజీ కట్టీడమే. పిల్లలు నిలబడి తినీసి పరుగు. ఆకరికి మా ఆయనకి కిడ్నీలు పాడైపోనాయి. ఆరేల్లు ఉప్పు నేని కూర. ఆయనా తిట్టుకుంతా తిన్నాడు, నానూ అదే తిన్నాను. నా సేతొంటకి ఆకేసుకుని కుదురుగా కూకున్న మనిసిని ఒక్కల్ని సూడ్నేదు. ఆయన పోయినాక ఈ బాబు పిలిసి పనిచ్చినాడు. ఇక్కడ సూసినాను. కూకుంతారు. ఇంకొంచెం ఎయ్యమని అడుగుతారు. జీతం కోసమే ఐతే జీడిపిక్కలు కొట్టుకున్నా వొత్తాది కదా. కూకున్నోల్లని సూడ్డానికొచ్చినాను నాను. మీరు కూడా లేసొచ్చి పొయ్యి కాడ నిలబడిపోతే నానెవులికి ఎట్టాల?"

అప్పుడు ఆమె కళ్లు కత్తిపీట మీద పడ్డాయి. దేవి చేతిలో సగం కోసిన వంకాయ అలాగే ఉంది. కళ్లెర్రగా ఉన్నాయి, ముక్కెర్రగా ఉంది.

"ఈయమ్మ మొకం సూడండి," అంది మహాలక్ష్మమ్మ. "ఇది సాయానికొచ్చిన మొకమేనా? ఎవులో తోలితే వొచ్చిన మొకం. లెగు తల్లీ. ఆ కత్తిపీట వొదిలీ. ఎల్లి కూకో. అరగంట పడతాది. అరగంటా కూకో."

దేవి హిమజ వైపు చూడలేదు. హిమజా దేవి వైపు చూడలేదు. ముగ్గురూ పాకలోకొచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు, బళ్లో గోడ కుర్చీ వేయించిన పిల్లల్లా. సీత ఏదో కల్యాణం సంగతి ఎత్తింది, అది ఎటూ సాగలేదు. దేవికి కోపం చల్లారలేదు. కానీ ఒళ్లు ఆ కోపాన్ని కూడా మొయ్యలేనంత అలిసిపోయి ఉంది. కళ్లు మూసుకుని కూర్చుంది.

అరగంట కాదు, నలభై నిమిషాలైంది. మహాలక్ష్మమ్మే వచ్చింది. ముందు దేవి ముందు ఆకు వేసింది, తర్వాత మిగతా ఇద్దరికీ. నీళ్లు చల్లి తుడిచింది. చోడిపిండి అట్టు, అదే రాగట్టు, కొబ్బరి పచ్చడి, పనసపొట్టు కూర, ములక్కాడతో పచ్చి జీడిపప్పు. అన్నం గిన్నెలోంచి హస్తం గరిటెతో తీసి పెడితే ఆకు చిటపటమని రంగు మారింది. దాని మీద మామిడికాయ పప్పు, పప్పు మీద నెయ్యి.

"అబ్బ, ఎంత బాగుందే! ఆగండాగండి, ముట్టుకోకండి," అని హిమజ ఫోన్ తీసి లేచి నిలబడింది. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి.

దేవి ఆగలేదు. ముద్ద కలపబోయి వేళ్లు చురుక్కుమంటే చెయ్యి వెనక్కి తీసుకుంది. అన్నం కాలుతుందన్న సంగతే మర్చిపోయింది. ఊదుకుంది. ఒక ముద్ద తింది. మహాలక్ష్మమ్మ గిన్నె చంకనెత్తుకుని ఎదురుగా నిలబడి చూస్తోంది. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఫోన్ మోగింది. రామూర్తి. దేవి ఎడమచెయ్యి దానంతటదే ఫోన్ వైపు వెళ్లింది.

హిమజ ముందుగా అందుకుంది. "అన్నయ్యగారూ, నేను హిమజని. దేవి తింటోంది. ఏంటీ? పెరుగా? ఫ్రిజ్‌లో ఉంటుంది, చూడండి. లేదు, ఇవ్వను. తింటోందని చెప్పాను కదా! అన్నీ వెతికి, దొరక్కపోతే పెరుగు లేకుండా తినండి." ఫోన్ కట్టేసి, దాన్ని తన బ్యాగులో పడేసి జిప్పు లాగేసింది. దేవి తలెత్తి చూసింది. హిమజ ఆకు వైపే చూస్తూ, "తినవే," అంది.

దేవి తింది. మెల్లగా తింది. ఒకటి రెండుసార్లు అలవాటు కొద్దీ చుట్టూ చూసింది, ఎవరి ఆకులో ఏం అయిపోయిందోనని. సీత ఆకు నిండుగానే ఉంది. చూడాల్సిందేమీ లేదు. మళ్లీ తన ఆకులోకి వచ్చింది. అన్నం అయిపోవచ్చింది.

"ఇంకొంచెం ఎట్టమంతావా?" అంది మహాలక్ష్మమ్మ.

"చాలప్పా, చాలు," అంది దేవి వెంటనే. రోజూ అనే మాటే. మిగిలినవాళ్లకి సరిపోదేమోనని అనే మాట.

"చాలన్న మాట మీ ఇంటికాడ సెప్పుకో," అని మహాలక్ష్మమ్మ రెండు హస్తాల అన్నం పెట్టింది, పొగలు పోతూ. "గిన్నె నిండా ఉంది. ఎవులి వాటా కాదిది. నీదే."

దేవి ఆ అన్నం వైపు చూసింది. చెయ్యి కదల్లేదు. ఏం జరిగిందో తనకే తెలీదు, కళ్లలోంచి నీళ్లు బొటబొటా ఆకులో పడ్డాయి. తుడుచుకుందామంటే కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచేత్తో ముక్కు పట్టుకుని వెక్కింది. అవతలి పాకలో వాళ్లు ఇప్పుడు నిజంగానే చూస్తున్నారు. దేవికి ఇప్పుడు పట్టలేదు.

"ఏటే, ఏటైంది?" హిమజ హడలిపోయి ఆమె భుజం పట్టుకుంది. "నేనన్నదానికా? నోరు జారి అన్నానే. కారంగా ఉందా? నీళ్లు తాగు."

"కారం కాదే," అంది దేవి వెక్కుతూనే. "వేడిగా ఉంది."

హిమజ నవ్వబోయి ఆగిపోయింది. తర్వాత కూర్చుని, తన ఆకులోని అన్నం మీద చెయ్యి పెట్టి చూసుకుంది. ఫొటోలూ ఫోనూ అయ్యేసరికి అది ఎప్పుడో చల్లారిపోయి, నెయ్యి పేరుకుపోయి ఉంది.

"అప్పా," అంది హిమజ. "ఆ గిన్నె ఇటు కూడా తీసుకురా."